గొలుసుకట్టు ఖాతా: వ్యాపార సమాచార భద్రతలో బ్లాక్‌చైన్ – ఒక పరిశీలన

వ్యాపారానికి పెట్టుబడి ఎంత ముఖ్యమో లెక్క అంత ముఖ్యం. ఏ పూటకు ఆ పూట జరిగిన జమాఖర్చులను చిట్టాలో వ్రాసుకొని, వాటిని పేరుపేరునా విడదీసి ఆవర్జాలోకి ఎత్తుకొనడం మన వర్తకులకు తరతరాలుగా తెలిసిన విద్య. అమ్మినవాని పుస్తకంలోను, కొన్నవాని పుస్తకంలోను ఒకే అంకె ఉన్నంతకాలం తగవు లేదు. రెండు పుస్తకాలు రెండు విధాలుగా పలికిన నాడు మాత్రం ఏది నిజమైనదో తేల్చడానికి పెద్దమనుషులో, న్యాయస్థానమో కావలసి వస్తుంది. పుస్తకంలో దిద్దుబాటు జరిగినదా, జరిగితే ఎప్పుడు జరిగినది అనే ప్రశ్నకు సిరాను బట్టి, కాగితాన్ని బట్టి సమాధానం చెప్పగల నిపుణులున్నారు. కాని లెక్కలన్నీ కంప్యూటరులోకి చేరిన తరువాత సిరా లేదు, కాగితమూ లేదు. నిన్నటి అంకెను ఈనాడు దిద్దితే మచ్చ అయినా మిగలదు.

ఈ చిక్కుకు విరుగుడుగా పుట్టిన పద్ధతికే ఈనాడు బ్లాక్‌చైన్ అని పేరు. ఆ మాట వినగానే మా విద్యార్థులలో పలువురికి బిట్‌కాయినూ, రాత్రికి రాత్రే కోట్లు గడించడమూ గుర్తుకు వస్తున్నాయి. ఆ జూదం జోలికి ఈ వ్యాసంలో మేము పోదలచుకోలేదు. ఒకరినొకరు పూర్తిగా నమ్మని వ్యాపారులు తమ లెక్కలను, పత్రాలను భద్రంగా పంచుకొనడానికి ఈ పద్ధతి ఎంతవరకు ఉపకరించింది, ఎక్కడికి వచ్చి ఆగిపోయింది అన్నదే మా పరిశీలన. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి ఈ గొడవ ఎందుకని కామర్సు శాఖలోని మిత్రులు నవ్వవచ్చు. కాని వ్రాతప్రతులలో ప్రక్షిప్తాలను ఏరివేయడం మా శాస్త్రంలో పాత పనే. ఒక పద్యం కవి వ్రాసినదా, లేఖకుడు మధ్యలో చొప్పించినదా అని తేల్చడానికి వేరువేరు చోట్ల దొరికిన తాళపత్ర ప్రతులను ముందు పెట్టుకొని పోల్చి చూస్తారు. అన్ని ప్రతులను ఒకేసారి దిద్దగలవాడు ఉండడన్న నమ్మకమే ఆ పనికి ఆధారం. ఈ కొత్త విద్యకూ మూలసూత్రం అదే.

దీని పుట్టుక బిట్‌కాయిన్ కంటె పాతది. 1991లో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న స్టువార్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, కంప్యూటరులో ఉన్న పత్రానికి ఎవరూ చెరపలేని తేదీముద్ర వేయడం ఎలాగన్న విషయం మీద ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. 1994లో ఆ ఊహ ఆధారంగా ష్యూరిటీ అనే సంస్థ ఏర్పడింది. ఒక కొత్త ఊహను పట్టుకొని చిన్నగా మొదలయ్యే ఇటువంటి సంస్థలను ఈనాడు అంకుర సంస్థలంటున్నాము. ఆ రోజులలో ఆ మాట మనకు లేదు. వ్యాపార సంస్థలు తమ పత్రాలను తమ కార్యాలయంలోనే ఉంచుకొని, అవి ఫలానా తేదీ నాటికి ఫలానా రూపంలోనే ఉన్నాయని రుజువు చేసుకొనడానికి తోడ్పడడం ష్యూరిటీ పని. పత్రాన్ని చూడకుండానే దానికి సాక్ష్యం పలకడం ఎట్లా సాధ్యం? పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది.

ఒక చిన్న లెక్కతో చెప్పుకొందాము. మన దుకాణం ఖాతాలో మూడు పుటలున్నాయనుకొందాము. మొదటి పుట మొత్తం 250 రూపాయలు, రెండవది 120, మూడవది 365. ప్రతి పుట అడుగున ఒక ముద్ర వేయవలె. ముద్రకు నియమం ఇది: పుటలోని మొత్తానికి క్రిందటి పుట ముద్రను కలపాలి, వచ్చినదానిని 7తో హెచ్చించాలి, దానిని 97తో భాగించగా మిగిలిన శేషమే ఈ పుట ముద్ర. మొదటి పుటకు ముందు పుట లేదు కాబట్టి అక్కడ కలపవలసినది సున్న. 250ని 7తో హెచ్చిస్తే 1750. 97తో భాగిస్తే శేషం 4. ఇది మొదటి ముద్ర. రెండవ పుటలో 120కి 4 కలిపితే 124, హెచ్చిస్తే 868, శేషం 92. మూడవ పుటలో 365కి 92 కలిపితే 457, హెచ్చిస్తే 3199, శేషం 95. మన ముద్రలు వరుసగా 4, 92, 95 అయినవి.

ఇప్పుడు ఎవడో రాత్రివేళ వచ్చి మొదటి పుటలోని రెండును మూడుగా దిద్దాడు; 250 కాస్తా 350 అయింది. నియమం ప్రకారం ముద్రలు మళ్ళీ లెక్కకట్టి చూస్తే 25, 45, 57 అని వస్తాయి. దిద్దినది ఒక్క పుటలో ఒక్క అంకె. మారినవి మూడు ముద్రలు. పుటలు మూడు కాక మూడువేలున్నా సాధారణంగా ఆ దిద్దుబాటు కదలిక చివరి ముద్ర దాకా పాకుతుంది. ప్రతి ముద్రలోను వెనుకటి ముద్ర కలిసి ఉన్నది కనుక ఇది గొలుసు. పుటను బ్లాకు అనీ, ముద్రను హాష్ అనీ పిలిస్తే బ్లాక్‌చైన్ అన్న మాట అర్థమైపోతుంది. దీనికి తెలుగులో దిమ్మెల గొలుసు, ఖండశృంఖల మొదలైన అనువాదాలు చేయవచ్చు గాని, అవి మూలం కంటె కష్టంగా ఉన్నాయి. అందుచేత ఆ మాటను ఉన్నదున్నట్లే ఉంచుకొని, హాష్‌ను మాత్రం ముద్ర అని వ్యవహరిస్తున్నాము.

మా లెక్క పాఠానికి మాత్రమే పనికివస్తుంది. అందులో సున్న మొదలు 96 వరకు మొత్తం 97 ముద్రలే ఉన్నాయి. మొదటి పుటలో 250కి బదులు 347 వ్రాసి చూడండి: హెచ్చిస్తే 2429, శేషం మళ్ళీ 4. అనగా తెలివిగల దొంగ ముద్ర చెడకుండానే మొత్తం మార్చగలడు. నిజమైన వ్యవహారంలో వాడే నియమాలు ఇంత బలహీనమైనవి కావు. ఈనాడు బహుళ ప్రచారంలో ఉన్న షా-256 అనే నియమం ఇచ్చే ముద్ర రెండును 256 సార్లు హెచ్చించగా వచ్చే సంఖ్యకు లోబడి ఉంటుంది. ఆ సంఖ్య 78 అంకెల పొడవు గలది. అన్ని ముద్రలలో ఒకదానికి సరిపోయే దొంగ పత్రాన్ని వెతికి పట్టుకొనడం, మానవుడు ఇప్పటివరకు నిర్మించిన ఏ యంత్రానికీ సాధ్యం కాలేదు. అట్లని ముద్రలు శాశ్వతమనీ చెప్పరాదు. ఒకప్పుడు గట్టిదిగా పేరు పొందిన షా-1 నియమంలో, ఒకే ముద్ర గల రెండు వేరువేరు పత్రాలను 2017లో పరిశోధకులు తయారు చేసి చూపించారు. కోట గోడల వలె ఈ నియమాలను కూడా అప్పుడప్పుడు మార్చి కట్టుకోవలసినదే.

ఇంకొక గుణం గమనించవలె. ముద్రను చూసి పత్రాన్ని చెప్పలేము. 4 అనే ముద్ర చూసినవానికి అది 250 నుండి వచ్చినదో, 347 నుండి వచ్చినదో, మరి దేని నుండి వచ్చినదో తెలియదు. కనుక వ్యాపారి తన ఒప్పందాన్ని ఇనుప పెట్టెలోనే పెట్టుకొని, దాని ముద్రను మాత్రం బయటికి పంపవచ్చు. రేపు తగవు వచ్చినప్పుడు పెట్టె తెరచి పత్రం చూపిస్తే, ఎవరైనా ముద్ర లెక్కకట్టి పాత ముద్రతో సరిచూసుకొనవచ్చు. రహస్యం పోకుండా సాక్ష్యం సంపాదించడమంటే ఇదే.

కాని చురుకైన విద్యార్థి ఇక్కడ ఒక ప్రశ్న వేయవలె. పుస్తకమంతా ఒక్కని చేతిలోనే ఉంటే, వాడు మొదటి పుట దిద్ది, ఆ తరువాతి ముద్రలన్నీ కొత్తగా వేసుకొంటే పట్టుకొనేదెవరు? నిజమే. గొలుసు ఒక్కటే ఉంటే చాలదు. దాని కొన ఎవరి చేతికీ అందని చోట కట్టి ఉండవలె. ష్యూరిటీ సంస్థ దీనికి కనిపెట్టిన ఉపాయం ఎంత చవకైనదో అంత గొప్పది. వారం వారం తన గొలుసులోని చివరి ముద్రను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా అచ్చు వేయించడం 1995లో మొదలుపెట్టింది. చూసినవారికి అది అర్థంలేని అక్షరాల, అంకెల వరుస. ఆ వరుసను దిద్దాలంటే మాత్రం లక్షల ఇండ్లలోను, గ్రంథాలయాలలోను చేరిన పత్రిక ప్రతులన్నిటినీ దిద్దాలి. సంస్థ యజమాని అయినా ఆ పని చేయలేడు. తాళపత్ర ప్రతుల పోలిక మేము పైన తెచ్చినది ఇందుకోసమే.

2008లో సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన బిట్‌కాయిన్ వ్యాసంలో పేర్కొన్న ఆధారాలు ఎనిమిది. వాటిలో మూడింటికి హేబర్, స్టోర్నెట్టాలు రచయితలో, సహరచయితలో అయి ఉన్నారు. పత్రికలో అచ్చు వేయడానికి బదులు ఆ పద్ధతిలో పుస్తకం మొత్తాన్ని పాల్గొనే వారందరి వద్దా ఉంచారు. కొత్త పుట చేర్చడంలో పోటీ పెట్టి, గెలిచినవానికి బహుమానం ఏర్పరిచారు. దానివల్ల కలిగిన లాభనష్టాల చర్చ ఇక్కడ అప్రస్తుతం.

వ్యాపార సంస్థలకు అంత బహిరంగ పుస్తకం పనికిరాదు. ఏ సరుకు ఏ ధరకు కొన్నామో పోటీదారుకు తెలియడం ఎవరికి ఇష్టం? అందుచేత లోపలికి రావడానికి అనుమతి అవసరమైన గొలుసులు తయారయ్యాయి. ఎవరు వ్రాయవచ్చు, ఎవరు ఏ పుట చూడవచ్చు అన్నది ముందే నిర్ణయించి ఉంటుంది. 2015 తరువాత ఈ మార్గంలో ఎన్నో అంకుర సంస్థలూ, వాటి వెనుక పెద్ద కంపెనీలూ బయలుదేరాయి. వాటిలో అన్నిటికంటె ఎక్కువగా నేర్పే ఉదాహరణ ట్రేడ్‌లెన్స్.

డెన్మార్కుకు చెందిన మేర్స్క్ అనే ఓడల సంస్థ 2014లో కెన్యా నుండి నెదర్లాండ్స్‌కు పోయే ఒక శీతల కంటెయినరు వెంట పడి లెక్క తీసింది. అందులో ఉన్నవి గులాబీలు, అవకాడో పండ్లు. ఆ ఒక్క ప్రయాణంలో సుమారు 30 మంది వ్యక్తులు, సంస్థలు చేయి పెట్టవలసి వచ్చింది. వారి మధ్య 200కు పైగా ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. రైతు, ఎగుమతిదారు, రేవు అధికారి, కస్టమ్స్ వారు, ఓడవారు, బ్యాంకు, దిగుమతిదారు – ఒక్కొక్కరిదీ ఒక్కొక్క పుస్తకం. ఒక కాగితం వెనుకబడితే సరుకంతా రేవులో నిలిచిపోవలసినదే; గులాబీలు కాగితం వచ్చేదాకా వాడిపోకుండా ఆగవు గదా! ఈ పుస్తకాలన్నిటికీ బదులు అందరూ నమ్మదగిన గొలుసుకట్టు ఖాతా ఒకటి ఏర్పరచాలని మేర్స్క్, ఐబీఎం కంపెనీలు 2018 జనవరిలో ప్రకటించాయి. అదే సంవత్సరం ఆగస్టులో దానికి ట్రేడ్‌లెన్స్ అని పేరు పెట్టినప్పుడు 94 సంస్థలు అందులో ఉన్నట్లు తెలిపాయి. 2019లో ఎంఎస్‌సీ, సీఎంఏ సీజీఎం, హపాగ్-లాయిడ్, ఓషన్ నెట్‌వర్క్ ఎక్స్‌ప్రెస్ వంటి పోటీ ఓడల సంస్థలు కూడా చేరుతున్నట్లు ప్రకటించాయి. చూసినవారికి ప్రపంచ నౌకావ్యాపారమంతా ఒక్క పుస్తకంలోకి వస్తున్నట్లే ఉన్నది.

2022 నవంబరు 29న ఆ పుస్తకాన్ని మూసివేస్తున్నట్లు యజమానులే ప్రకటించారు. 2023 మొదటి త్రైమాసికం ముగిసేసరికి అంతా ఆపివేస్తామన్నారు. కారణం గొలుసు తెగడం కాదు, ముద్రను ఎవరో ఛేదించడమూ కాదు. పరిశ్రమ అంతా కలిసిరావడం అనేది సాధ్యం కాలేదనీ, గిట్టుబాటు కాలేదనీ వారే చెప్పారు. మా దృష్టిలో అసలు చిక్కు మొదటి రోజునుండే ఉన్నది. ఖాతా నడిపే ఇద్దరిలో ఒకరు స్వయంగా ఓడల వ్యాపారి. అంగడిలో నలుగురు వర్తకులుండగా అందులో ఒకని కొట్టులోనే అందరి ఆవర్జాలూ పెట్టమంటే మిగిలిన ముగ్గురు ఊరికే ఒప్పుకొంటారా? ఎంత గట్టి తాళమని చెప్పినా, తాళం కప్ప ఎవరి ఇంటిదన్న అనుమానం పోదు. ఇటువంటి గతే మరికొన్నిటికి పట్టింది. యూరపులోని బ్యాంకులు కొన్ని కలిసి చిన్న వ్యాపారుల కోసం పెట్టుకొన్న వి.ట్రేడ్ కూడా 2022లోనే మూతపడింది.

అదే విద్య వేరొకచోట ఫలించింది కూడా. వాల్‌మార్ట్ కంపెనీ తన దుకాణంలోని కోసిన మామిడి ముక్కల పొట్లం ఒకటి ఏ తోటనుండి వచ్చినదో కనుక్కోమని తన ఉద్యోగులకు చెబితే, వారికి 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. 2016లో ఐబీఎం సహాయంతో ఆ సమాచారాన్ని గొలుసుకట్టు ఖాతాలో వ్రాయించిన తరువాత అదే పని 2.2 సెకన్లలో జరిగింది. కలుషితమైన ఆహారం తిని జనం జబ్బు పడినప్పుడు ఈ తేడాకు విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడ సరుకు అమ్మేవారికి ఎన్నుకొనే స్వేచ్ఛ ఏ పాటిది? అంత పెద్ద కొనుగోలుదారు వ్రాయమంటే వ్రాయవలసినదే. కనుక నమ్మకం కుదిరి ఖాతా నిలిచిన చోటు కాదిది, ఆజ్ఞ వల్ల నిలిచిన చోటు. దీనిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు; రెండింటి తేడా విద్యార్థులు గుర్తుంచుకొంటే చాలు.

ఇంతకంటె లోతైన ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. వ్రాసినది తరువాత మారలేదని గొలుసు చెబుతుంది. వ్రాసినప్పుడే అది అబద్ధమైతే? మామిడి ఒక తోటది కాగా మరొక తోట పేరు వ్రాస్తే? గొలుసు ఆ అబద్ధాన్ని కూడా అంతే భద్రంగా, అంతే భక్తిగా కాపాడుతుంది.

మన కళాశాలలో ఉర్దూ, అరబీ చదివే విద్యార్థులకు ఈ విషయం మేము చెప్పకముందే తెలిసి ఉండవలె. హదీసు శాస్త్రంలో ప్రతి కథనానికి రెండు భాగాలుంటాయి. ఫలానావారు ఫలానావారి నుండి విన్నారని దైవప్రవక్త (స) వరకు పోయే పేర్ల వరుస సనద్. అసలు విషయం మతన్. ఆ వరుసకు గొలుసు అన్న ఉపమానం కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో ఇమాం బుఖారీ మొదలైన పండితులు ఆ గొలుసు తెగకుండా ఉన్నదా అని మాత్రమే చూసి ఊరుకోలేదు. వరుసలో పక్కపక్కన ఉన్న ఇద్దరూ నిజంగా ఒకరినొకరు కలుసుకొన్నారా, ప్రతి ఒక్కరూ సత్యవంతులేనా, జ్ఞాపకశక్తి గలవారేనా అని విచారించారు. దానికోసం అస్మాఉర్రిజాల్ అని వ్యక్తుల చరిత్రలకే ప్రత్యేకంగా ఒక శాస్త్రం ఏర్పడింది. గొలుసు అవిచ్ఛిన్నంగా ఉండి కూడా, ఒక్క మనిషి నమ్మదగనివాడు కావడం వల్ల కథనం బలహీనమని నిర్ణయించిన సందర్భాలు ఎన్నో. బ్లాక్‌చైన్ ఆ పరీక్షలో మొదటి సగమే చేస్తుంది. లంకె తెగినదా లేదా అన్నది అది చూస్తుంది. లంకె దగ్గర నిలబడిన మనిషిని చూడలేదు.

ఈ సంగతి దూరదేశపు ఓడలతో ఆగిపోతే మేము ఇంతగా వ్రాయము. మన ఇండ్లలోకే వచ్చింది కాబట్టి వ్రాస్తున్నాము. చీటీ వేయని ఇల్లు మన ఊళ్ళలో అరుదు. ఆడపిల్ల పెండ్లికో, అబ్బాయి చదువుకో నెలనెలా కొంత చీటీలో కట్టి, అవసరమైనప్పుడు పాట పాడి ఎత్తుకొంటారు. ఇది కూడా ఒక విధంగా వ్యాపార సమాచారం పంచుకొనడమే. చందాదారులెందరు, ఎవరు పాడారు, ఎంతకు పాడారు, డివిడెండు ఎంత వచ్చింది అన్నది ఫోర్‌మన్‌కూ, చందాదారులకూ, ప్రభుత్వ రిజిస్ట్రారుకూ ఒకే విధంగా తెలియవలె. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చీటీ మొదలుపెట్టరాదు; ప్రతి పాటకు సంబంధించిన మినిట్స్ నకలు 21 రోజులలోగా రిజిస్ట్రారుకు అందజేయవలె. 2019లో ఈ చట్టాన్ని సవరించినప్పుడు ఫోర్‌మన్ కమీషను పరిమితిని 5 శాతం నుండి 7 శాతానికి పెంచారు. చట్టం మంచిదే. కాని కాగితాలు కట్టలు కట్టలుగా కార్యాలయాలలో పేరుకొంటుంటే, పాట జరిగిన నాటికీ నకలు చేరిన నాటికీ మధ్య ఏమి మారిందో పట్టుకొనేవారెవరు?

ఈ లోపం తీర్చడానికి తెలంగాణ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ల శాఖ, హైదరాబాదుకు చెందిన చిట్‌మాంక్స్ అనే అంకుర సంస్థ తోడ్పాటుతో టీ-చిట్స్ అనే గొలుసుకట్టు ఖాతాను ఏర్పరిచింది. చీటీ నమోదు, పాట వివరాలు, మినిట్స్ అన్నీ కాగితానికి బదులు అందులోకి ఎక్కించి, ఎక్కిన తరువాత ఫోర్‌మన్ గాని మరొకరు గాని చాటుగా దిద్దడానికి వీలులేకుండా చేయడం దీని ఉద్దేశం. ఓడలవారి ఖాతాతో దీనిని పోల్చి చూస్తే ఒక మేలు స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ ఖాతాకు అండగా ఉన్నది పోటీ వ్యాపారి కాదు, చట్టం ప్రకారం లెక్క అడిగే హక్కు ఉన్న అధికారి. ట్రేడ్‌లెన్స్‌కు దొరకని మూడవ మనిషి చీటీలకు చట్టంలోనే ఉన్నాడు.

అయితే మేము ఎరిగిన ఒక కుటుంబం సంగతి చెప్పక తప్పదు. పేర్లు అనవసరం. తల్లి కుట్టుపని చేసి మూడేండ్లు చీటీ కట్టింది. పాస్‌బుక్కులో ప్రతి నెలా ముద్ర పడింది, ఒక్క అంకె కూడా ఎవరూ దిద్దలేదు. తన కూతురిని డిగ్రీలో చేర్పించే ముందు చీటీ ఎత్తుకొందామని పోతే తలుపులకు తాళం ఉన్నది. తరువాత తెలిసినదేమంటే, చందాదారుల జాబితాలో సగం పేర్లు మనుషులు లేని పేర్లు. ఆ పేర్ల మీద మొదటి పాటలన్నీ నడిపించినవాడే పాడుకొని, డబ్బు తీసుకొనిపోయాడు. ఆ పిల్ల చదువు ఒక సంవత్సరం వెనుకబడింది. ఆ జాబితాను మొదటి రోజే లోకంలోకెల్ల గట్టి గొలుసులో కట్టి ఉన్నా, ఆ పేర్లు చెక్కుచెదరకుండా ఉండేవి. ఆ మనుషులు మాత్రం ఉండేవారు కారు.

అక్కడ పనికివచ్చేది యంత్రం కాదు, సాక్షి. చిట్ ఫండ్స్ చట్టంలోనే దీనికి ఏర్పాటు ఉన్నది. పాట ముగిసిన తరువాత మినిట్స్ మీద ఫోర్‌మన్, పాడినవారు హాజరై ఉంటే వారు, వీరు గాక హాజరైన చందాదారులలో కనీసం ఇద్దరు సంతకం పెట్టవలె. ఆ ఇద్దరి సంతకాలను చాలాచోట్ల ఒక తంతుగా భావిస్తారు. పాటకు పోవడమే తీరిక లేదని, ఫోనులోనే సరే అనేవారు పెరిగారు. మా ఉద్దేశంలో టీ-చిట్స్ వంటి ఖాతాకు ప్రాణం ఆ రెండు సంతకాలే. ఆ ఇద్దరూ పాడినవానిని కళ్ళారా చూసి సంతకం చేస్తే గొలుసులోకి పోయేది సత్యం. చూడకుండా చేస్తే గొలుసులోకి పోయేది కాగితం.

ఖుర్ఆన్‌లోని అల్‌బఖరా అధ్యాయంలో 282వ ఆయతు అన్నిటికంటె పొడవైన ఆయతు. అది ఆరాధన గురించి గాని, పరలోకం గురించి గాని కాక అప్పుపత్రం వ్రాయడం గురించి చెప్పడం మాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. గడువుతో కూడిన అప్పును వ్రాసుకొనమనడంతో అది ఆగదు. న్యాయంగా వ్రాసే లేఖకుడు ఉండవలెననీ, ఇద్దరు సాక్షులుండవలెననీ, లేఖకునికి గాని సాక్షికి గాని హాని జరుగరాదనీ చెబుతుంది. మరొక మాట ఉన్నది. పత్రాన్ని నోటితో చెప్పి వ్రాయించవలసినవాడు అప్పు ఇచ్చినవాడు కాదు, తీర్చవలసిన బాధ్యత గలవాడు. భారం ఎవని మీద ఉన్నదో వాడే తన నోటితో ఒప్పుకొని వ్రాయిస్తే, లేని అప్పు మోపారన్న మాటకు తరువాత తావుండదు. మొదటి వ్రాత ఎవరి నోట వెలువడాలన్న ప్రశ్నను ఇంత నిశితంగా పట్టించుకొన్న ఖాతా పద్ధతి, మేము చూసిన కొత్త సంస్థల వివరణలలో కనిపించలేదు. చీటీకి దీనిని అన్వయిస్తే, పాడినవాని పేరు ఫోర్‌మన్ ఎక్కించడం కాక, పాడిన చందాదారే స్వయంగా తన గుర్తింపుతో వచ్చి ఎక్కించవలె. నెలకు ఇంత చొప్పున మిగిలిన వాయిదాలు కట్టవలసిన బాధ్యత అతనిదే కదా. మనిషి లేని పేరు ఆ పని చేయలేదు.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. సహకార పరపతి సంఘం లెక్కలు గాని, ఉపకార వేతనాల పంపిణీ వివరాలు గాని ఏ పద్ధతిలో ఉంచినా, విద్యార్థి స్వయంగా చూసి సంతకం పెట్టే వరుస ఒకటి తప్పక ఉండేటట్లు చూడవలె. దానికి బ్లాక్‌చైన్ అక్కరలేదు. నెలాఖరు మొత్తాలను నోటీసు బోర్డు మీద అంటించి, ఒక ప్రతి గ్రంథాలయంలో పెడితే ష్యూరిటీవారి పత్రికా ప్రకటన చేసిన పనిలో కొంత మనకు కూడా జరుగుతుంది.

ఆసక్తి గల విద్యార్థులు పైన చూపిన మూడు పుటల లెక్కను 97కు బదులు 101తో చేసి చూడవచ్చు. మొదటి ముద్ర 33 అని రావలె. ఆ ముద్ర చెడకుండా 250 స్థానంలో ఏయే మొత్తాలు వ్రాయవచ్చునో కనుక్కొని, ఇద్దరిద్దరుగా కూర్చొని ఒకరు పుస్తకం దిద్దుతూ, మరొకరు పట్టుకొంటూ ఆడితే విషయం బాగా బోధపడుతుంది. పుస్తకమంతా ఒక్కరి వద్దనే ఉంచి ఒకసారి, చివరి ముద్రను నల్లబల్ల మీద వ్రాసి ఒకసారి ఆడవలె. జవాబులు మా తెలుగు శాఖ గదిలో చూపిస్తే సరిచూసి ఇస్తాము.